సముద్ర ప్లవకాలు: పెంచే నీరు, మేసే నోళ్లు

ప్రవాహానికి ఎదురీదలేక, నీరు ఎటు తీసుకుపోతే అటు సాగిపోయే జీవులన్నిటినీ కలిపి ప్లవకాలు అంటారు. జర్మన్ శాస్త్రవేత్త విక్టర్ హెన్సెన్ 1887లో వీటిని ఒక వర్గంగా గుర్తించి ప్లాంక్టన్ అని పేరు పెట్టాడు. వీటిలో సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకునేవి వృక్ష ప్లవకాలు, వాటినీ తమలో తమనూ తిని బతికేవి జంతు ప్లవకాలు. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వృక్ష ప్లవకాల పనే. అయినా ఈ పని చేసే జీవులన్నిటి బరువులో వాటి వాటా ఒక శాతానికి చేరదు. ఇంత కొద్ది సరుకుతో అంత పని జరగాలంటే పుట్టింది పుట్టినట్టే ఖర్చయిపోతూ ఉండాలి. జరుగుతున్నదీ అదే. సముద్రాల్లోని వృక్ష ప్లవకాల నిల్వ సుమారు రెండు నుంచి ఆరు రోజులకొకసారి పూర్తిగా కొత్తదైపోతుంది. కాబట్టి ఒకచోట ప్లవకాలు ఎందుకు ఎక్కువున్నాయని అడిగితే రెండు లెక్కలు చూడాలి: ఎంత వేగంగా పెరుగుతున్నాయి, ఎంత వేగంగా పోతున్నాయి. సముద్రపు సారం అనగానే మన ఆలోచన ఎరువుల మీదికి పోతుంది. అది సగం లెక్కే. ఎరువు ఉన్నంత మాత్రాన చాలదు, వెలుతురున్న పొరలోకి అది చేరాలి. చేరాక పెరిగిన పంట నిలవడం, నిలవకపోవడం మేసే జీవుల చేతిలో ఉంటుంది. ఈ మాటను పరీక్షించి చూడటానికి మన బంగాళాఖాతం కన్నా మంచి చోటు దొరకడం కష్టం.

ఒక వృక్ష ప్లవక కణానికి కావలసినవి ఏమంత ఎక్కువ కాదు. వెలుతురు, కార్బన్, నైట్రేట్, ఫాస్ఫేట్, రవ్వంత ఇనుము. డయాటమ్‌లనే వృక్ష ప్లవకాలకైతే గాజులాంటి పెంకు కట్టుకోవడానికి సిలికేట్ కూడా. కార్బన్‌కు సముద్రంలో కరువు రాదు. మిగతావాటిలో ఏది ముందు అయిపోతే పెరుగుదల అక్కడ ఆగుతుంది. ప్లవకాల దేహాల్లోనూ లోతు నీటిలోనూ నత్రజని, భాస్వరాల నిష్పత్తి ఇంచుమించు ఒకటేనని అమెరికాకు చెందిన ఆల్‌ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ 1934లో చూపించాడు. పరమాణువుల లెక్కలో 106 పాళ్ల కార్బన్‌కు 16 పాళ్ల నత్రజని, ఒక పాలు భాస్వరం అన్న నిష్పత్తి తర్వాత స్థిరపడి ఆయన పేరుతోనే నిలిచింది. ఈ పోలిక కాకతాళీయం కాదు. చచ్చిన ప్లవకాలూ, జంతు ప్లవకాల మలమూ అడుగుకు దిగి, అక్కడ బాక్టీరియా చేతిలో కుళ్లి, తిరిగి లవణాలవుతాయి. అంటే ఎరువుల నిల్వంతా కింద చీకట్లో పడి ఉంటుంది. వెలుతురేమో పైన. ఎంత తేట నీటిలోనైనా 200 మీటర్లు దాటితే కణం బతకడానికి సరిపడే వెలుతురు అందదు. బురద నీటిలోనైతే కొన్ని మీటర్లకే చీకటి పడుతుంది. పై నీరు ఎండకు వేడెక్కి తేలికై, కింది చల్లని బరువైన నీటి మీద పొర కడుతుంది. గాలో, చలో, ప్రవాహమో వచ్చి ఆ పొరలను కలిపితే తప్ప కింది ఎరువు పైకి రాదు. వెలుతురు, లవణాలు ఒకచోట కలిసే అవకాశం ఎక్కడెంత ఉందో చెప్పేది నీటి పొరల తీరే.

అరేబియా సముద్రం, బంగాళాఖాతం రెండూ ఒకే అక్షాంశాల్లో ఉన్నాయి, ఒకే రుతుపవనాలను చూస్తాయి. సారంలో మాత్రం పోలికే లేదు. అరేబియా సముద్రం మీద వాన తక్కువ, ఆవిరి ఎక్కువ, కాబట్టి పై నీరు ఉప్పగా, బరువుగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సోమాలియా, ఒమన్ తీరాల పక్కగా వీచే బలమైన గాలి ధార తీరపు నీటిని నడిసముద్రానికి తోసేస్తే, ఆ ఖాళీలోకి అడుగు నీరు ఎగదన్నుకొస్తుంది. చలికాలంలో ఉత్తర భారతం మీదుగా వచ్చే పొడిగాలి ఈశాన్య అరేబియా సముద్రపు పై నీటిని చల్లబరిచి బరువెక్కిస్తుంది. ఆ నీరు కిందికి దిగి, కింది నైట్రేట్ పైకి వస్తుంది. ఈ చలికాలపు పంట ఎలా వస్తుందో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన మధుప్రతాప్, సహచరులు 1996లో వివరించారు. బంగాళాఖాతంలో ఇదంతా తలకిందులు. గంగా బ్రహ్మపుత్రలు, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ కలిసి ఏటా సుమారు 1.6 లక్షల కోట్ల ఘనపు మీటర్ల మంచినీటిని అందులో పోస్తాయి. నేరుగా సముద్రం మీద కురిసే వాన దీనికి అదనం. ఈ తేలికపాటి నీరు పైన పరుచుకుని, గిన్నె మీద మూత పెట్టినట్టు, కింది ఉప్పునీటిని బిగించేస్తుంది. ఇక్కడి రుతుపవన గాలి అరేబియా మీది గాలికన్నా బలహీనం, ఆ మూతను లేపేంత సత్తా దానికి లేదు. వానాకాలంలో బంగాళాఖాతం ఎందుకు అంత నిస్సారమన్న ప్రశ్నకు ప్రసన్నకుమార్ బృందం 2002లో ప్రచురించిన జవాబు ఇదే.

ఇక్కడ ఎవరైనా వేసే మొదటి ప్రశ్న నదుల గురించే. గంగా బ్రహ్మపుత్రలే ఏటా వంద కోట్ల టన్నుల మేర మట్టిని మోసుకొస్తాయి. గోదావరి, కృష్ణా డెల్టాల పొలాల్లో వేసిన యూరియాలో కొంత కాలవల గుండా సముద్రానికి చేరుతుంది. అంత ఎరువు పడ్డాక కూడా నిస్సారం అంటే నమ్మేదెలా? ఈ ప్రశ్న తీసిపారేసేది కాదు, తీరం వెంట కొంతవరకు నిజం కూడా. కానీ వరద నీరు తెచ్చే లవణాల్లో చాలా భాగం నదీముఖాల్లో, తీరపు మెరకల్లోనే ఖర్చయిపోతాయి. వరద ఉధృతంగా ఉన్న రోజుల్లో ఆ ఖర్చు కూడా సరిగా జరగదు, ఎందుకంటే ఒండ్రు నీటిలోకి వెలుతురు దిగదు. వరద తగ్గి మట్టి పేరుకున్నాకే నదీముఖం పచ్చబడుతుంది. నడిసముద్రం దాకా పోయేది నదులు తెచ్చిన మంచినీరు, ఎరువు కాదు. ఎరువు ఇచ్చే మేలుకన్నా ఆ నీరు వేసే మూత చేసే కీడు పెద్దది. భీమవరం పక్క రొయ్యల రైతులకు దీన్ని మరోవైపు నుంచి చెప్పవచ్చు. చెరువులో ఎరువో, పులియబెట్టిన తవుడు బెల్లమో వేస్తే నాలుగైదు రోజుల్లో నీటికి రంగు వస్తుంది, అది ప్లాంక్టన్ పట్టినట్టు గుర్తు. అక్కడ పనిచేసిన ఎరువు సముద్రంలో ఎందుకు పనిచేయదు? చెరువు లోతు మనిషి నిలువుకు మించదు. వెలుతురు పంట పెరిగేంత లోతుకు దిగుతుంది, ఏరియేటర్లు నీటిని తిప్పుతూనే ఉంటాయి, అడుగున చేరిన లవణం తిరిగి పైకొస్తుంది. ఎరువూ వెలుతురూ అక్కడ విడిపోవు. అదే చెరువులో ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చిపోయి, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి, రొయ్యలు పైకి తేలడం కూడా రైతులు ఎరిగిందే. పెరుగుదల వేరు, నిలవడం వేరని వాళ్లకు ఎవరూ పుస్తకం తెరిచి చెప్పనక్కర్లేదు.

మూత లేచినప్పుడు ఏమవుతుందో మన తీరమే చూపిస్తుంది. 1950ల తొలినాళ్లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, విశాఖపట్నం దగ్గర అడుగు నీరు పైకెక్కడాన్ని నమోదు చేశాడు. ఫిబ్రవరి, మార్చి నుంచి నైరుతి గాలి తీరానికి సమాంతరంగా వీస్తుంది. ఉత్తరార్ధగోళంలో గాలి తోసిన నీరు భూభ్రమణం వల్ల కుడివైపుకు మళ్లుతుంది. మన తీరానికి కుడివైపంటే సముద్రంవైపు. తీరం వదిలిన నీటి స్థానంలోకి కిందినుంచి చల్లని, ఉప్పని, నైట్రేట్ నిండిన నీరు వస్తుంది. ఆ రోజుల్లోనే పి.ఎన్. గణపతి, డి.వి. సుబ్బారావు వాల్తేరు లాసన్స్ బే దగ్గర ప్లవకాల లెక్కలు తీశారు. అక్కడ ఆస్టెరియోనెల్లా జపోనికా అనే డయాటమ్ విరగబడి పెరిగి నీటి రంగునే మార్చేసిన సంఘటన మీద సుబ్బారావు రాసిన వ్యాసం 1969లో అచ్చయింది. సూక్ష్మదర్శిని కింద ఈ జీవి చూడముచ్చటగా ఉంటుంది: ఒక్కొక్క కణం ఒక చివర లావుగా, మరో చివర సన్నటి పుల్లలా, లావు చివరలు ఒకదానికొకటి అంటుకుని నక్షత్రాల్లాంటి గొలుసులు కడతాయి. మొండెం చిన్నదైనా చేతులు చాచుకోవడం వల్ల నీటిలో త్వరగా మునగదు, పై పొరలో వెలుతురు దక్కుతుంది. అదను దొరికిన చోట డయాటమ్‌లే ముందు లేచేది ఇలాంటి కట్టుబడి వల్లా, త్వరగా చీలిపోయే గుణం వల్లా. వానలు ముదిరి, ఉత్తరం నుంచి నదుల నీరు తీరం వెంట దిగడం మొదలయ్యాక ఈ అడుగు నీటికి మళ్లీ మూత పడుతుంది.

నడిసముద్రంలో ఆ మూతను తీసే పని సుడులు, తుపాన్లు చేస్తాయి. మన అర్ధగోళంలో గడియారపు ముల్లుకు వ్యతిరేకంగా తిరిగే సుడి మధ్యలో కింది చల్లని పొర పైకి ఉబుకుతుంది. బంగాళాఖాతంలో సారం పెంచేది ఈ సుడులేనా అన్న చర్చను 2004లో ప్రసన్నకుమార్ బృందమే లేవదీసింది. ఈశాన్య రుతుపవన కాలంలో నైరుతి బంగాళాఖాతంలో వచ్చే పంట తుపాన్ల తర్వాత ఇంకా చిక్కబడుతుందని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన వినయచంద్రన్, సిమీ మాథ్యూ 2003లో ఉపగ్రహ చిత్రాలతో చూపించారు. దీనికి న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. బంగాళాఖాతంలో వృక్ష ప్లవకాలు ఎక్కువగా సుమారు 40 నుంచి 70 మీటర్ల లోతున, పైనుంచి దిగే కొద్ది వెలుతురూ కిందినుంచి ఎక్కే కొద్ది నైట్రేటూ కలిసేచోట ఒక పట్టీగా ఉంటాయి. ఉపగ్రహం కంటికి అంత లోతు ఆనదు. మరి తుపాను తర్వాత కనబడే ఆకుపచ్చదనం కొత్తగా పెరిగిందా, లేక కింది పట్టీయే కలిసిపోయి పైకొచ్చిందా? మొదటి ఒకటి రెండు రోజుల రంగులో ఆ పాత సరుకు వాటా తప్పకుండా ఉంటుంది. కానీ కేవలం కలిసిపోయిన సరుకు రోజులు గడిచేకొద్దీ పలచబడాలి. తుపాను వెళ్లి రోజులైనా రంగు నిలిచి, పెరుగుతూ ఉంటే దాని వెనక కొత్త నైట్రేట్, కొత్త కణాలు ఉన్నట్టే.

ఇంతదాకా చెప్పింది నీటి సంగతే. సముద్ర శాస్త్రం కూడా చాలాకాలం ఇక్కడే ఆగింది. నార్వేకి చెందిన హరాల్డ్ స్వెర్‌డ్రప్ 1953లో ఒక సొగసైన లెక్క వేశాడు: చలికాలంలో నీరు లోతుగా కలిసిపోతూ ఉంటే కణాలు చీకట్లోనే ఎక్కువ సేపు గడుపుతాయి, వసంతంలో పై పొర పలచబడితే వెలుతురు దక్కి పంట లేస్తుంది. అరవై ఏళ్లకు దగ్గరగా పాఠ్యపుస్తకాలను ఏలిన ఈ సూత్రాన్ని వదిలేయాలని 2010లో మైకేల్ బెరెన్‌ఫెల్డ్ వాదించాడు. ఉత్తర అట్లాంటిక్‌ మీద తొమ్మిదేళ్ల ఉపగ్రహ కొలతలు చూస్తే ప్లవకాల మొత్తం పెరగడం వసంతంలో కాక నడి చలికాలంలోనే, పొర అత్యంత లోతుగా ఉన్నప్పుడే మొదలవుతోంది. ఆ సమయంలో కణాల ఎదుగుదల మందకొడే. అయితే నీరు లోతుగా కలవడం వల్ల మేసే జీవులూ మేతా పలచబడి, ఒకదానికొకటి తారసపడటం తగ్గిపోతుంది. రాబడి తగ్గినా ఖర్చు అంతకన్నా ఎక్కువగా తగ్గితే నిల్వ పెరుగుతుంది కదా.

ఈ తర్కాన్ని ఒక సీసాలో కూడా చూడవచ్చు. లాండ్రీ, హాసెట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1982లో పెట్టిన పద్ధతి ఇది. ఓడ మీద తోడిన సముద్రపు నీటిలో కొంత భాగాన్ని జీవులేవీ లేకుండా వడగడతారు. వడగట్టిన నీటినీ, మామూలు నీటినీ రకరకాల పాళ్లలో కలిపి సీసాల్లో నింపి, ఒక పగలూ రాత్రీ వెలుతురులో ఉంచుతారు. ఎక్కువగా పలచన చేసిన సీసాలో మేసే సూక్ష్మజీవి తన మేతను వెతుక్కోవడానికి తంటాలు పడుతుంది, అందుకని ఆ సీసాలో వృక్ష ప్లవకాలు బాగా పెరుగుతాయి. పలచన చేయని సీసాలో పెరిగినదంతా తినేయడం వల్ల మొత్తం అంతగా మారదు. సీసాల మధ్య తేడాను గీతగా గీస్తే అసలు పెరుగుదల వేగమెంత, మేత వేగమెంత అన్నవి విడివిడిగా తెలుస్తాయి. ప్రపంచమంతటా చేసిన ఇలాంటి ప్రయోగాలను కలిపి చూస్తే, రోజూ తయారయ్యే వృక్ష ప్లవకాల్లో సుమారు అరవై నుంచి డెబ్బై అయిదు శాతం కంటికి కనబడని ఏకకణ జీవుల నోట్లోకే పోతున్నట్టు తేలింది. పైకి ఖాళీగా కనిపించే నీలి సముద్రంలో కణాలు రోజుకొకసారి చీలుతూ ఉండవచ్చు. ఉత్పత్తి లేక ఖాళీగా ఉండటం, ఉత్పత్తంతా తినేయడం వల్ల ఖాళీగా ఉండటం ఉపగ్రహానికి ఒకేలా కనిపిస్తాయి.

నడిసముద్రంలో ఎరువు చల్లి చూసిన ప్రయోగాలు దీన్ని ఇంకా గట్టిపరిచాయి. దక్షిణ మహాసముద్రంలో నైట్రేట్ పుష్కలం, ప్లవకాలు మాత్రం కొద్ది. ఇనుము లేకపోవడమే కారణమని జాన్ మార్టిన్ వాదించాడు. ఆయన మరణించిన కొద్ది నెలలకు, 1993లోనే, అలాంటి నీరే ఉన్న గలపాగోస్ దీవుల దగ్గర జరిగిన తొలి ప్రయోగంలో ఇనుము కలిపిన నీరు పచ్చబడింది. 2004లో దక్షిణ మహాసముద్రపు సుడిలో జరిగిన ప్రయోగంలో డయాటమ్‌లు విరివిగా పెరిగి, వాటిలో కనీసం సగం వెయ్యి మీటర్ల లోతు దాటి దిగిపోయాయి. ఇక 2009లో భారత, జర్మన్ శాస్త్రవేత్తలు కలిసి, వాజిహ్ నఖ్వీ, విక్టర్ స్మెటాచెక్ నాయకత్వంలో, 300 చదరపు కిలోమీటర్ల మేర చేసిన లోహాఫెక్స్ ప్రయోగంలో ఫలితం వేరు. పంట మొదట లేచింది, కొద్ది రోజుల్లో ఆగింది. ఆ నీటిలో సిలికేట్ అడుగంటి ఉండటంతో డయాటమ్‌లకు పెంకు కట్టే వీలు లేకపోయింది. వాటి బదులు పెరిగిన మెత్తని కణాలను కోపిపాడ్‌లనే చిన్న జంతు ప్లవకాలు మేసేశాయి. ఆ కోపిపాడ్‌లను తినడానికి వాటికన్నా పెద్దవైన ఆంఫిపాడ్‌లు చేరాయి. లోతుకు దిగిన కార్బన్ స్వల్పం. ఒకే ఎరువు, ఒకే మహాసముద్రం. అక్కడ ఉన్న జీవులను బట్టి, ముందే ఖర్చయిన సిలికేట్‌ను బట్టి ఫలితం మారిపోయింది. ఇనుము చల్లి వాతావరణంలోని కార్బన్‌ను దించేద్దామన్న వ్యాపార ఆలోచనలకు దీనికన్నా పెద్ద హెచ్చరిక అక్కర్లేదని నా అభిప్రాయం.

మేసే జీవులు పంటను తినేవే కాదు, తిరిగి ఎరువు వేసేవి కూడా. కిందినుంచి కొత్తగా వచ్చిన నైట్రేట్‌తో జరిగే ఉత్పత్తినీ, జంతు ప్లవకాలు విసర్జించిన అమ్మోనియంతో పై పొరలోనే తిరుగుతూ జరిగే ఉత్పత్తినీ వేరుగా లెక్కించాలని డగ్‌డేల్, గోరింగ్ 1967లో సూచించారు. నిస్సారపు సముద్రాలు బతుకుతున్నది ఎక్కువగా రెండో దారిలోనే. 1983లో ఫరూక్ ఆజమ్, సహచరులు ఈ బొమ్మకు బాక్టీరియాను చేర్చారు: కణాల నుంచి కారే కరిగిన పదార్థాన్ని బాక్టీరియా, దాన్ని ఏకకణ జీవులు, వాటిని కోపిపాడ్‌లు తింటాయి. ఇన్ని చేతులు మారేసరికి చేప దాకా మిగిలేది బహు తక్కువ, ఎందుకంటే ఒక్కో మెట్టు దగ్గర పదో వంతు అటూ ఇటూగా మాత్రమే పైకి వెళుతుంది. డయాటమ్‌ను నేరుగా కోపిపాడ్ తిని, కోపిపాడ్‌ను కవ్వళ్లు, కానాగంతలు తినే దారి పొట్టిది. ప్రోక్లోరోకాకస్ లాంటి అతి చిన్న కణాలతో మొదలయ్యే దారి పొడుగు. అరేబియా సముద్రంలో వృక్ష ప్లవకాలు రుతువుకూ రుతువుకూ భారీగా మారుతున్నా జంతు ప్లవకాల మొత్తం పెద్దగా మారకపోవడాన్ని మధుప్రతాప్ బృందం ఒక చిక్కుముడిగా గుర్తించింది. డయాటమ్‌లు లేని నెలల్లో బాక్టీరియా దారి మేత పెడుతోందన్నది వారి వివరణ. గాలిలోని నత్రజనిని పట్టుకుని సొంతంగా ఎరువు తయారుచేసుకునే ట్రైకోడెస్మియం మన సముద్రాల్లో నీరు నిశ్చలంగా ఉన్న వేసవి నెలల్లో రంపపు పొట్టులా తేలుతుంది. ఇక వైరస్‌లు. ఏ జాతి మితిమీరి పెరిగితే దాన్ని పట్టుకుని పగలగొట్టి, లోపలి సరుకును మళ్లీ బాక్టీరియాకు పెడతాయి.

ఇన్ని చేర్చుకుంటూ పోతే ఈ వివరణ దేనికైనా సరిపోతుందని, అందువల్లే దేన్నీ వివరించదని ఒక విమర్శ. పంట పెరిగితే నీరు కలిసిందంటారు, పెరగకపోతే ఎవరో మేశారంటారు. విమర్శలో పదును ఉంది. అయితే రెండు కారణాలూ వేర్వేరు ఆనవాళ్లు వదులుతాయి. లవణాల కరువైతే సీసాలో నైట్రేట్ కలపగానే పెరుగుదల వేగం పెరగాలి. మేతే కారణమైతే నైట్రేట్ కలిపినా తేడా రాక, పలచన చేస్తే రావాలి. ఇలా కారణాలను వేరుచేయడం ఎంత కష్టమో అరేబియా సముద్రపు నాక్టిల్యూకా వివాదం చూపుతుంది. 2000ల తొలి ఏళ్ల నుంచి చలికాలంలో డయాటమ్‌ల చోటును ఆక్రమించిన ఈ ఆకుపచ్చ జీవి లోపల ఒక నాచును పెంచుకుంటుంది, బయట దొరికినదీ తింటుంది, కదిలిస్తే రాత్రిపూట మెరుస్తుంది. పై నీటిలో ఆక్సిజన్ తగ్గడమే దీనికి కారణమని 2014లో ఒక బృందం రాసింది. సిలికేట్ తగ్గడం, సుడుల ప్రభావం కారణమని మన దేశపు పరిశోధకులు కొందరు కొలతలతో ఎదురు చెప్పారు. నాకు రెండో పక్షమే బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే డయాటమ్‌లు తప్పుకున్న చోటే నాక్టిల్యూకాకు చోటు దొరుకుతోంది.

సముద్రం వేడెక్కేకొద్దీ పొరలు మరింత బిగుసుకుంటాయి. హిందూ మహాసముద్రపు పశ్చిమ భాగంలో గత ఆరు దశాబ్దాల్లో వృక్ష ప్లవకాలు 20 శాతం దాకా తగ్గాయని పుణేలోని రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2016లో అంచనా వేసింది. బంగాళాఖాతం గురించి ఇంకా పాత సాక్ష్యం సముద్రగర్భంలో ఉంది. కౌస్తుభ్ తిరుమలై బృందం అడుగు మట్టిలోని ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలను పరీక్షించి, 22,000 ఏళ్ల చరిత్రను 2025లో ప్రచురించింది. రుతుపవనాలు మరీ బలహీనపడిన కాలంలోనూ, సుమారు 10,000 ఏళ్ల కిందట మరీ బలపడిన కాలంలోనూ ఇక్కడి ఉత్పత్తి పడిపోయింది. బలహీన కాలంలో నీటిని కలిపే గాలి తగ్గింది. బలమైన కాలంలో నదుల మంచినీరు మూత బిగించింది. గోదావరి ఎదురెక్కే పులస సహా, ప్లవకాలు తిని బతికే చేపలన్నిటికీ దీనితో లంకె ఉంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే చోట్లను మత్స్యకారులకు చెప్పేది ఉపరితలపు వేడినీ, ఉపగ్రహం చూసిన పచ్చదనాన్నీ బట్టి. మూత బిగిసేకొద్దీ బంగాళాఖాతపు పంట ఆ 40, 70 మీటర్ల నడిమి పట్టీలోకి ఇంకా దిగుతుంది. అక్కడ దాన్ని చూడాలంటే పచ్చదనాన్నీ నైట్రేట్‌నూ కొలిచే పరికరాలతో లోతుకు దిగి పైకొచ్చే తేలియాడు యంత్రాలే దిక్కు.